క్లౌడ్ మీద నెపం వేసే ముందు

సంపాదకులకు,

క్లౌడ్ సేవల అంతరాయాల మీద మీ సాంకేతిక పుటలో వచ్చిన వ్యాసం చదివాం. పెద్ద కంపెనీ సర్వర్లు ఆగిపోతే, వాటి మీద ఆధారపడి యాప్ కట్టుకున్నవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవలసిందేనని దాని సారాంశం. అందులో సగమే నిజం. ఆ మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

నిజమైన సగం ముందు చెబుతాం. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ విభాగమైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి యూఎస్-ఈస్ట్-1 అనే సర్వర్ల ప్రాంతంలో జరిగింది అలాంటిదే. డైనమోడీబీ అనే డేటాబేసు చిరునామాలను డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేరు అడిగితే దాని ఐపీ, అంటే అంకెల చిరునామా, చెప్పే పట్టికలో) రాసిపెట్టే ఆటోమేషన్‌లో రెండు పనులు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుని, చివరికి ఆ పేరుకు ఎదురుగా ఒక్క ఐపీ కూడా మిగల్చలేదు. డేటాబేసు దాని చోట అది ఉంది, దారి చూపించే పలక మీదే ఏమీ లేదు. అలాంటి రోజున బయటివాళ్ళు చేయగలిగింది నిజంగానే తక్కువ. కానీ అలాంటి రోజులు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మిగతా రోజుల్లో "క్లౌడ్ డౌన్", "వాళ్ళ ఏపీఐ పనిచేయట్లేదు" అని వినిపించే మాటల్లో ఎక్కువ భాగం ఆడలేక మద్దెల ఓడు అనడమే. (ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను పని అడిగే ద్వారం.) లోపం మన కోడ్‌లోనూ ఉండదు, వాళ్ళ సర్వర్‌లోనూ ఉండదు, రెంటినీ కలిపే అతుకు దగ్గర ఉంటుంది. ఆ అతుకు మన చేతిలోదే.

బాహ్య సేవను పిలిచే ఒక్క కాల్‌లో అయిదారు మజిలీలున్నాయి. పేరును ఐపీగా మార్చుకోవడం, టీసీపీ కనెక్షన్ (రెండు యంత్రాల మధ్య దారి తెరవడం), టీఎల్‌ఎస్ కరచాలనం (సర్టిఫికెట్ చూసి రహస్య భాష కుదుర్చుకోవడం), అభ్యర్థన పంపడం, మొదటి బైటు కోసం ఎదురుచూడడం, మిగతా జవాబు అందుకోవడం. ఏ మజిలీలో ఆగిందో తేలకుండా కోడ్ మార్చడం చీకట్లో రాళ్ళు వేయడమే. కర్ల్ అనే ఆదేశానికి -w ఇస్తే, మొదలైనప్పటి నుంచి ఈ మజిలీల్లో ఒక్కోటి ముగిసేసరికి ఎంత సమయం గడిచిందో అచ్చువేస్తుంది. ఫెయిల్ అవుతున్న సర్వర్ లోపలికి, అదే కంటెయినర్ (ప్రోగ్రామ్ నడిచే విడి డబ్బా) లోపలికి వెళ్ళి దాన్ని నడపాలి. మన ల్యాప్‌టాప్ నుంచి నడిపితే వచ్చే జవాబు ల్యాప్‌టాప్ గురించి మాత్రమే చెబుతుంది. "బ్రౌజర్‌లో పనిచేస్తోంది కదా" అన్న వాక్యం ఈ వృత్తిలో వృథా చేసినన్ని గంటలు మరేదీ చేయలేదు. బ్రౌజర్‌కు వేరే నెట్‌వర్క్, వేరే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్), వేరే సర్టిఫికెట్ల సంచీ ఉంటాయి.

ఆలస్యం ఎన్ని సెకన్లో కచ్చితంగా చూస్తే సగం కేసు అక్కడే తేలుతుంది. "కొన్నిసార్లు స్లో" అని రాసుకుంటే ఏమీ తేలదు. ఆలస్యం 5 సెకన్లో 10 సెకన్లో ఉంటే ముందు డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి, ఎందుకంటే లినక్స్‌లో పేర్లకు ఐపీ అడిగే భాగమైన రిజాల్వర్ మొదటి ప్రశ్నకు జవాబు రాకపోతే డిఫాల్టుగా 5 సెకన్లు ఆగి మళ్ళీ అడుగుతుంది. సరిగ్గా 1 సెకనో, 3 సెకన్లో, 7 సెకన్లో అయితే టీసీపీ మొదటి ప్యాకెట్ దారిలో పోయినట్టు. లినక్స్ (6.5కు ముందు కెర్నళ్ళలో) దాన్ని 1 సెకను తర్వాత, ఆపైన 2, ఆపైన 4 సెకన్ల ఎడంతో మళ్ళీ పంపుతుంది కాబట్టి మొత్తం అలా వస్తుంది. 3 సెకన్లకు లాంబ్డా ఫంక్షన్ (అమెజాన్ తన సర్వర్ల మీద నడిపిపెట్టే మన కోడ్ ముక్క) చచ్చిపోతే అది దాని డిఫాల్టు గడువు, ఎవరూ మార్చలేదన్నమాట. 29 సెకన్లు అయితే అమెజాన్ ఏపీఐ గేట్‌వే (కాల్స్‌ను లోపలికి పంపే ముఖద్వారం) డిఫాల్టు గడువు. 60 అయితే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీయో, అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సరో (రద్దీని సర్వర్ల మధ్య పంచేది). ఇలా గుండ్రటి అంకె దగ్గర ఏదైనా తెగిందంటే సాధారణంగా అది ప్రమాదం కాదు, ఎవరో పెట్టుకున్న గడువు. ఆ గడువు ఎవరిదో పట్టుకోవాలి.

"కనెక్షన్ రిఫ్యూజ్డ్" కూ "కనెక్షన్ టైమౌట్" కూ ఉన్న తేడాను కూడా చాలామంది పట్టించుకోరు. రిఫ్యూజ్డ్ అంటే మన ప్యాకెట్ ఆ యంత్రం దాకా వెళ్ళింది, ఆ పోర్టులో వినేవాళ్ళు లేరు. టైమౌట్ అంటే ప్యాకెట్ ఎక్కడో మాయమైంది. మొదటిదానికి ప్రాసెస్ నడుస్తోందా, పోర్టు సరైనదేనా అని చూడాలి. రెండోదానికి సెక్యూరిటీ గ్రూపు (క్లౌడ్‌లోని ఫైర్‌వాల్ నియమాలు), రూటింగు, అవతలివాళ్ళ ఐపీ అనుమతి జాబితా చూడాలి. ఆటోస్కేలింగ్‌లో, అంటే రద్దీని బట్టి యంత్రాలు పెరిగేచోట, కొత్త యంత్రం నాలుగోదిగా పుట్టి, దాని బయటి ఐపీ అవతలివాళ్ళ జాబితాలో లేకపోతే నాలుగు కాల్స్‌లో ఒకటి మాత్రమే ఫెయిలవుతుంది. దాన్ని చూసి "ఏపీఐ నిలకడగా లేదు" అని తీర్మానించేస్తారు. చిన్న జవాబులు వచ్చి పెద్దవి మాత్రం సగంలో వేలాడుతుంటే, దారిలో వీపీఎన్ (ప్రైవేటు సొరంగం) ఉంటే, ప్యాకెట్ పరిమాణ పరిమితిని చూడండి. మామూలు 1500 బైట్లు ఆ సొరంగంలో పట్టవు. పట్టలేదని చెప్పే ఐసీఎంపీ కబురును మధ్యలో ఏ ఫైర్‌వాలో మింగేసి ఉంటుంది.

గడువుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి డిఫాల్టుగా గడువే లేదు. మనం ఇవ్వకపోతే అవతలి సర్వర్ మౌనంగా ఉన్నంతసేపూ ఎదురుచూస్తూనే ఉంటుంది. అలాంటి కాల్స్ పది పోగైతే మన సర్వర్‌లో అభ్యర్థనలు చూసే పది వర్కర్లూ బందీలవుతాయి, ఆ ఏపీఐతో సంబంధంలేని పేజీలు కూడా తెరుచుకోవు. అందుకే కనెక్షన్‌కు వేరుగా, చదవడానికి వేరుగా గడువు ఇవ్వాలి. కనెక్షన్‌కు 3 సెకన్ల పైచిలుకు చాలు. చదివే గడువు ఆ ఏపీఐ మామూలుగా తీసుకునే సమయాన్ని బట్టి ఉండాలి. ఇక్కడొక మెలిక ఉంది. ఆ చదివే గడువు మొత్తం జవాబుకు కాదు, ఒక బైటుకూ తర్వాతి బైటుకూ మధ్య నిశ్శబ్దానికి. అవతలివాళ్ళు 9 సెకన్లకొక ముక్క పంపుతూ పోతే 10 సెకన్ల గడువు ఎప్పటికీ మోగదు. మొత్తానికి గడువు కావాలంటే విడిగా పెట్టుకోవాలి.

గడువులు ఒకదానిలో ఒకటి ఇమడాలి. బయటిది పెద్దది, లోపలిది చిన్నది. గేట్‌వే 29 సెకన్లకు వదిలేస్తుంటే, దాని వెనకున్న మన సర్వీసు బయటి ఏపీఐ కోసం 60 సెకన్లు ఆగితే జరిగేదిది: వినియోగదారుడి తెర మీద 504 (గడువులో జవాబు రాలేదు), మన లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) 200 (పని అయింది). ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గొడవపడే రెండు బృందాలకూ తమ తమ సాక్ష్యం ఉంటుంది, మధ్యాహ్నమంతా సమావేశంలో గడిచిపోతుంది.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే కోడ్) గురించి కాస్త విడిగా రాస్తున్నాం, ఎందుకంటే దీన్ని "నెట్‌వర్క్ ఎక్కిలి" అని కొట్టిపారేసే అలవాటు బాగా పాతుకుపోయింది. లోడ్ బ్యాలెన్సరు ఒకసారి తెరిచిన కనెక్షన్‌ను మూయకుండా తర్వాతి అభ్యర్థనకు వాడుకుంటుంది. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సరు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను డిఫాల్టుగా 60 సెకన్లు ఉంచుతుంది. దాని వెనక ఉన్న నోడ్ (జావాస్క్రిప్టుతో నడిచే) సర్వర్ మాత్రం, చాలా వెర్షన్లలో, 5 సెకన్లకే మూసేస్తుంది. నోడ్ తలుపు మూస్తున్న ఆ క్షణంలోనే లోడ్ బ్యాలెన్సరు కొత్త అభ్యర్థన తోసిందంటే, జవాబుగా వచ్చేది రీసెట్, అంటే కనెక్షన్ తెగిందన్న కబురు. అది వినియోగదారుడికి 502గా కనిపిస్తుంది. నోడ్ లాగ్‌లో ఆ అభ్యర్థన జాడే ఉండదు, ఎందుకంటే అది కోడ్ దాకా రానేలేదు. రద్దీ బాగా ఉన్నప్పుడు కనెక్షన్లు ఖాళీగా ఉండవు కాబట్టి ఈ తప్పు తక్కువ. రద్దీ పలచబడ్డప్పుడు ఎక్కువ. అదే దీని ఆనవాలు. మందు ఒక్కటే: వెనకవాడు ముందువాడి కన్నా ఎక్కువసేపు తలుపు తెరిచి ఉంచాలి. నోడ్ కీప్-అలైవ్‌ను (ఖాళీ కనెక్షన్‌ను తెరిచి ఉంచే సమయాన్ని) 65 సెకన్లకు, హెడర్ల (అభ్యర్థన, జవాబుల ముందుండే వివరాల) గడువును దానికన్నా ఒక సెకనో రెండో ఎక్కువకు పెట్టాలి.

ఇదే జబ్బు బయటికి వెళ్ళే వైపు కూడా ఉంటుంది. అమెజాన్ నాట్ గేట్‌వే (లోపలి యంత్రాల కాల్స్‌ను ఒకే బయటి ఐపీ మీద పంపేది) 350 సెకన్లు కదలిక లేని కనెక్షన్‌ను మరచిపోతుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో లోడ్ బ్యాలెన్సరు డిఫాల్టుగా 4 నిమిషాలకే మరచిపోతుంది. మన కనెక్షన్ పూల్ (మళ్ళీ వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) మాత్రం ఆ కనెక్షన్ బతికే ఉందనుకుంటుంది. కాసేపు నిశ్శబ్దం తర్వాత వెళ్ళే మొదటి కాల్ తెగుతుంది, రెండోది దివ్యంగా వెళ్తుంది. టీసీపీ కీప్-అలైవ్ (కనెక్షన్ బతికుందా అని అప్పుడప్పుడు పలకరించేది) ఉంది కదా అనుకుంటారు. అది చాలాచోట్ల ఆన్ చేస్తేగాని పనిచేయదు, చేసినా లినక్స్‌లో దాని మొదటి పలకరింపు 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు. దాన్ని 350 కంటే బాగా దిగువకు, అజూర్‌లో 240 కంటే దిగువకు తేవాలి, లేదా పూల్‌లో ఖాళీ కనెక్షన్లను మనమే ముందుగా మూసేయాలి. ఇక కాల్‌కొక కొత్త కనెక్షన్ తెరిచే కోడ్ అయితే మరో గోడకు గుద్దుకుంటుంది. నాట్ గేట్‌వే ఒక ఐపీతో ఒకే గమ్యానికి 55,000 ఏకకాల కనెక్షన్లే ఇవ్వగలదు. రద్దీలో ఒక్క గమ్యానికి మాత్రమే టైమౌట్లు, మిగతా లోకమంతా బాగుంటే ఇది గుర్తుకు రావాలి.

స్టేటస్ కోడ్‌ల, అంటే సర్వర్ జవాబుతో వచ్చే మూడంకెల కోడ్‌ల, దగ్గరికొద్దాం. అవి అబద్ధం చెప్పవు గానీ, అర్ధసత్యాలు చెబుతాయి. 401 అంటే నువ్వెవరో తేలలేదు, 403 అంటే నువ్వెవరో తెలుసు కానీ అనుమతి లేదు. ఇది పుస్తకంలో మాట. అమెజాన్ ఫైళ్ళ గిడ్డంగి ఎస్3లో లేని ఫైలును అడిగితే, బకెట్ (ఫైళ్ళుండే అర) జాబితా చూసే అనుమతి మనకు లేకపోతే, 404 (దొరకలేదు) బదులు 403 వస్తుంది. ఫైలు ఉందో లేదో కూడా నీకు చెప్పనంటోంది. దానికి అనుమతుల పాలసీని రోజంతా తిరగరాసినవాళ్ళున్నారు, అసలు తప్పు ఫైలు పేరులో ఒక అక్షరం. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఇది తలకిందులు. ప్రైవేటు రిపోజిటరీని (కోడ్ సంచీని) అనుమతి లేని టోకెన్‌తో (తాళంచెవి లాంటి గుర్తుతో) అడిగితే 404 అంటుంది. అక్కడ చిరునామా సరిచూసుకుంటూ కూర్చుంటే లాభం లేదు, టోకెన్ పరిధి చూడాలి. ఉన్న రికార్డుకు 404 వస్తే ఇంకొకటి: ఐడీ 9007199254740991 కంటే పెద్ద అంకెగా జేసన్‌లో (ఏపీఐలు డేటా పంపే అక్షర రూపంలో) వస్తే జావాస్క్రిప్టు దాని చివరి అంకెలను చప్పుడు లేకుండా మార్చేసే ప్రమాదం ఉంది. ఐడీలను అంకెలుగా కాక అక్షరాల వరసగా (స్ట్రింగ్‌గా) ఉంచుకోవాలి.

200 వచ్చిందని సంబరపడే పనీ లేదు. కొన్ని ఏపీఐలు ఎర్రర్‌ను 200 లోపల జేసన్‌లో చుట్టి పంపుతాయి, గ్రాఫ్‌క్యూఎల్ అనే ఏపీఐ పద్ధతి మామూలుగా చేసే పని అదే. జేసన్ ఆశిస్తే "అనుకోని అక్షరం: <" అని పార్సర్ (జేసన్ చదివే కోడ్) ఏడ్చిందంటే, వచ్చింది హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ. ఏ ప్రాక్సీ ఎర్రర్ పేజీయో, లాగిన్ పేజీయో. ఆ పేజీలో ఏం రాసుందో చదవకుండా పార్సర్‌ను తిట్టడం అన్యాయం. బ్రౌజర్ కన్సోల్‌లో కనిపించే కార్స్ (ఒక సైటు పేజీ మరో సైటును అడగవచ్చా అనే బ్రౌజర్ నియమం) ఎర్రర్ ఇంకా పెద్ద మాయ. వెనక సర్వర్ 502 ఇచ్చినప్పుడు, ఆ 502ను తయారుచేసిన గేట్‌వే కార్స్ హెడర్లు జోడించదు. అప్పుడు బ్రౌజర్ "కార్స్ నిరాకరించింది" అని మాత్రమే చెబుతుంది. కార్స్ సెట్టింగ్ అంతా తెరిచిపెట్టేస్తే 502 పోదు, భద్రత పోతుంది. కాబట్టి లాగ్‌లో స్టేటస్ కోడ్ ఒక్కటే రాయకండి. జవాబులో మొదటి 500 అక్షరాలు, కంటెంట్ టైపు, పట్టిన సమయం, అవతలివాళ్ళిచ్చిన రిక్వెస్ట్ ఐడీ, ఈ నాలుగూ రాయండి.

తాళంచెవుల, అంటే ఏపీఐ కీల, తప్పులు చిన్నవే గానీ లెక్కలేనన్ని. కీని బేస్64 అనే అక్షర రూపంలోకి మార్చేటప్పుడు ఎకో ఆదేశం చివర ఒక కొత్త లైను గుర్తు కలుపుతుంది. దానికి మైనస్ ఎన్ (-n) ఇస్తేగాని ఆగదు. కుబర్నెటిస్ (కంటెయినర్లను నడిపే వ్యవస్థ) సీక్రెట్‌లో ఆ కంటికి కనబడని అక్షరం చేరి, కీ చూడ్డానికి అచ్చంగా సరైనదే అయినా 401 వస్తుంది. కీని లాగ్‌లో అచ్చువేయకూడదు. దాని పొడవు, చివరి నాలుగు అక్షరాలు మాత్రం వేస్తే 40 ఉండాల్సినచోట 41 కనబడుతుంది. అమెజాన్‌లో అయితే "నేనెవరిని" అని అడిగే చిన్న కాల్ ఉంది, గెట్ కాలర్ ఐడెంటిటీ అంటారు. ప్రోగ్రామ్ తాను వాడుతున్నాననుకునే గుర్తింపుకూ నిజంగా వాడుతున్నదానికీ తేడా ఒక్క క్షణంలో తేలుతుంది. గడియారం కూడా తాళంచెవిలో భాగమే. సర్వర్ సమయం 15 నిమిషాలకు మించి తప్పితే ఎస్3 సంతకాన్ని ఒప్పుకోదు. గూగుల్ ఓఆత్‌లో (గూగుల్ ఖాతాతో అనుమతి ఇచ్చే పద్ధతిలో) బాహ్య వినియోగదారుల యాప్‌ను "టెస్టింగ్" స్థితిలోనే వదిలేస్తే రిఫ్రెష్ టోకెన్ (లాగిన్‌ను పొడిగించేది) 7 రోజులకు చెల్లదు. వారం వారం ఒకే రోజున లాగిన్ పోతోందంటే మూలం సాధారణంగా అదే.

సర్టిఫికెట్ల విషయంలో బ్రౌజర్ మంచితనమే మనల్ని మోసం చేస్తుంది. అవతలి సర్వర్ మధ్యవర్తి సర్టిఫికెట్‌ను (తన సర్టిఫికెట్‌ను నమ్మకమైన మూలానికి కలిపేదాన్ని) పంపడం మరచిపోయినా చాలా బ్రౌజర్లు దాన్ని తామే తెచ్చుకుంటాయి, లేదా పాత సందర్శనలో దాచుకున్నది వాడతాయి. కర్ల్, పైథాన్, జావా సాధారణంగా అంత ఓపిక చూపవు. 2021 సెప్టెంబరు 30న ఉచిత సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుతూ వచ్చిన పాత డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.2 వంటి పాత లైబ్రరీలున్న సర్వర్లు ఒక్కసారిగా చాలా ఏపీఐలను నమ్మడం మానేశాయి. అవతలివాళ్ళ సర్టిఫికెట్లు బాగానే ఉన్నాయి, పాతబడింది ఇవతలి లైబ్రరీ. అలాంటప్పుడు సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే ఒక్క వాక్యం రాసి బయటపడేవాళ్ళున్నారు. ఆ వాక్యం తాత్కాలికం అనుకుంటూనే ఏళ్ళ తరబడి ప్రొడక్షన్‌లో కాపురం చేస్తుంది. ఇక ముందు ఈ సమస్య పెరుగుతుంది కూడా. సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయువును 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో అదే తేదీ నుంచి 100కు, 2029లో 47కు తగ్గించాలని సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్ల తయారీదారులూ కలిసి నిర్ణయించారు. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే పద్ధతికి కాలం చెల్లింది. అవతలివాళ్ళ సర్టిఫికెట్‌ను మన కోడ్‌లో పిన్ చేసి (అదొక్కటే నమ్మేలా రాసి) పెట్టుకున్నవాళ్ళయితే ఇప్పుడే తీసేయడం మంచిది.

రీట్రై గురించి మాకు కొంచెం కోపం ఉంది, దాచుకోం. ఫెయిలైతే మళ్ళీ ప్రయత్నించు అన్నది మంచి సలహాలాగే వినిపిస్తుంది. కానీ కూలబడ్డ సర్వర్‌కు అది గోరుచుట్టు మీద రోకటిపోటు. మొబైల్ యాప్ నాలుగుసార్లు ప్రయత్నిస్తుంది, దాని వెనక గేట్‌వే నాలుగుసార్లు, దాని వెనక సర్వీసు నాలుగుసార్లు. వినియోగదారుడు ఒక్కసారి నొక్కితే చివరి సర్వర్‌కు 64 కాల్స్. 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ అంతరాయంలో అసలు లోపాన్ని త్వరగానే ఆపారు. కానీ యూఎస్-సెంట్రల్1 వంటి పెద్ద ప్రాంతంలో తిరిగి లేచిన సర్వర్లన్నీ ఒక్కసారిగా వెనకనున్న డేటాబేసు మీద పడడంతో కోలుకోవడం ఆలస్యమైంది. మళ్ళీ ప్రయత్నించేముందు తగినంతగా, యాదృచ్ఛికంగా ఆగే ఏర్పాటు అక్కడ లేదని వాళ్ళే నివేదికలో రాశారు. రీట్రై ఒక్క పొరలోనే ఉండాలి. ఎడం 1, 2, 4, 8 సెకన్లుగా పెరగాలి, ప్రతి ఎడంలోనూ సున్నా నుంచి ఆ అంకె దాకా యాదృచ్ఛికంగా ఒక సమయాన్ని ఎంచుకోవాలి. లేకపోతే వెయ్యి క్లయింట్లు ఒకే లయలో వచ్చి తలుపు తడతాయి. 429 (కాల్స్ ఎక్కువయ్యాయి), 503 (సేవ ప్రస్తుతం లేదు) వచ్చినప్పుడు రీట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే మన లెక్క పక్కన పెట్టి దాన్నే పాటించాలి. అది సెకన్లలోనూ రావచ్చు, తేదీగానూ రావచ్చు, రెంటినీ చదవగలగాలి. 400 (అభ్యర్థనే తప్పు), 401, 403లను రీట్రై చేయడం దండగ. అదే తప్పు ఉత్తరాన్ని అదే చిరునామాకు మళ్ళీ మళ్ళీ వేసినట్టు. మినహాయింపు ఒకటుంది. గిట్‌హబ్ రేటు పరిమితి దాటినప్పుడు 403 కూడా ఇస్తుంది, మిగిలిన కోటా చెప్పే హెడర్ చూస్తే తేడా తెలుస్తుంది. టోకెన్ లేకుండా ఐపీకి గంటకు 60 కాల్స్, టోకెన్‌తో 5000 అన్న సంగతి తెలియక, ఒకే బయటి ఐపీ పంచుకునే కార్యాలయమంతా ఆ 60ని పది నిమిషాల్లో ఖర్చుపెట్టేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన రీట్రై డబ్బు కదిలే చోట. టైమౌట్ అంటే పని జరగలేదని కాదు, జవాబు రాలేదని మాత్రమే. చెల్లింపు జరిగిపోయి, రసీదు తెచ్చే ప్యాకెట్ పోయి ఉండవచ్చు. అప్పుడు గుడ్డిగా మళ్ళీ పంపితే రెండుసార్లు కోత. స్ట్రైప్ వంటి చెల్లింపు సేవలు ఐడెంపొటెన్సీ కీ అనే హెడర్‌ను ఇందుకే ఇచ్చాయి. ఒకే కీతో ఎన్నిసార్లు పంపినా పని ఒక్కసారే జరుగుతుంది, మొదటి జవాబే మళ్ళీ వస్తుంది. అయితే ఆ కీని మొదటి ప్రయత్నానికి ముందే తయారుచేసి డేటాబేసులో రాసుకోవాలి. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుట్టించే కోడ్ మేం చూసినంతలో అరుదేమీ కాదు. అది గొడుగు మూసి పట్టుకుని వానలో నడవడం.

వెబ్‌హుక్‌లు, అంటే ఏదైనా జరిగినప్పుడు వాళ్ళే మనకు పంపే కాల్స్, ఇదే కథను అటువైపు నుంచి చూడడం. ఇక్కడ మనమే సర్వరు, వాళ్ళు క్లయింటు. గిట్‌హబ్ 10 సెకన్లలో జవాబు రాకపోతే విఫలమైనట్టు రాసుకుంటుంది, తనంతట తాను మళ్ళీ పంపదు. స్ట్రైప్ మూడు రోజుల దాకా మళ్ళీ మళ్ళీ పంపుతుంది. అందుకే సంతకం (కబురు వాళ్ళదేనని చూపే కోడ్) సరిచూసి, క్యూలో వేసి, వెంటనే 200 అనాలి. అసలు పని తర్వాత. సంతకం కుదరడం లేదంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: ఫ్రేమ్‌వర్క్ ముందే జేసన్‌ను విప్పి, మళ్ళీ చుట్టి ఇచ్చింది, ఖాళీలూ వరసా మారాయి. వచ్చిన బైట్లను వచ్చినట్టే సంతకానికివ్వాలి. ఒకే సంఘటన రెండుసార్లు వస్తుంది, వరస తప్పి వస్తుంది. సంఘటన ఐడీని రాసుకుని, చూసినదైతే వదిలేయడమే.

ఇవన్నీ చూశాక కూడా తప్పు అవతలివాళ్ళదేనని తేలే రోజులుంటాయి. అప్పుడు వాళ్ళ స్టేటస్ పేజీ పచ్చగా ఉందని మీరు మెత్తబడనవసరం లేదు. 2017 ఫిబ్రవరి 28న ఎస్3 ఆగినప్పుడు అమెజాన్ తన స్టేటస్ పేజీని కొంతసేపు మార్చలేకపోయింది, ఎందుకంటే ఆ పేజీని నడిపే ఏర్పాటు కూడా ఎస్3 మీదే ఆధారపడింది. సపోర్టుకు రాసే ఉత్తరంలో "మీ ఏపీఐ పనిచేయడం లేదు, దయచేసి త్వరగా చూడండి" అని ఉంటే వాళ్ళు తిరిగి నాలుగు ప్రశ్నలు పంపుతారు, ఒక రోజు పోతుంది. రిక్వెస్ట్ ఐడీలు రెండు మూడు (ఎస్3లో రెండు ఐడీలుంటాయి, రెండూ ఇవ్వాలి, మధ్యవర్తి నెట్‌వర్క్ క్లౌడ్‌ఫ్లేర్ అయితే సీఎఫ్-రే అనే ఐడీ), యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) సెకన్లతో సహా సమయం, ప్రాంతం, మన బయటి ఐపీ, ఎన్ని కాల్స్‌లో ఎన్ని ఫెయిలయ్యాయి, మొదటిసారి ఎప్పుడు, మన వైపు ఆ సమయంలో ఏం మారింది, ఆథరైజేషన్ హెడర్ చెరిపేసిన కర్ల్ ఆదేశం. ఇవి మొదటి ఉత్తరంలోనే ఉండాలి. "ఏం మారింది" అన్నదానికి "ఏమీ మార్చలేదు" అని రాసేముందు లాక్ ఫైలు (లైబ్రరీల వెర్షన్లను బిగించే జాబితా) లేకుండా బిల్డ్ జరిగిందేమో చూసుకోండి. కోడ్‌లో అక్షరం మారకపోయినా లోపలి లైబ్రరీ రాత్రికి రాత్రి కొత్త వెర్షన్‌కు ఎక్కి ఉండవచ్చు. పాత ఏపీఐ వెర్షన్‌ను ఫలానా రోజున ఆపేస్తామని అవతలివాళ్ళు జవాబుల్లోనే సన్‌సెట్ అనే హెడర్‌లో నెలల తరబడి చెబుతూ ఉండవచ్చు కూడా. ఆ హెడర్ కనిపిస్తే అలారం మోగేలా పెట్టుకోవడం పది లైన్ల పని.

చివరిగా మీకొక విన్నపం. తదుపరి అంతరాయం వార్త వేసేటప్పుడు "ప్రపంచవ్యాప్తంగా స్తంభించిన సేవలు" అన్న శీర్షిక కింద మూడు వివరాలు అచ్చువేయండి: ఏ సేవ, ఏ ప్రాంతంలో. యూటీసీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా. వినియోగదారులకు కనబడిన ఎర్రర్ ఏది. ఆ మూడూ ఉంటే తమ లాగ్ తెరిచి పోల్చుకునే పాఠకులు మీకు చాలామందే ఉన్నారు.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు